కూతురి పెట్టె నుంచి లేని గీత

నెల్లూరు.

ముఖేష్ అన్నకు,

చెల్లెలు నమస్కరించి రాసేది. హాస్టల్లో నేను బాగున్నాను. సరస్సు ఒడ్డున మన జాలర్ల కుప్పంలో అమ్మా నాయనా కులాసాగా ఉన్నారు. చెన్నై ఐసు ఫ్యాక్టరీ చలికి పట్టుకున్న నీ దగ్గు తగ్గిందనుకుంటాను.

"పెట్టెలూ గీతలూ గీస్తే మార్కులేస్తారా?" అని అడిగావు. వేస్తారు. మా ప్రాజెక్టు మన కుప్పం గురించే. సరస్సులో ఏ రోజు ఏ ఇంటివాళ్లు ఎక్కడ వల వేయాలో, ఆ వంతులు తేల్చే ప్రోగ్రాం. నాయన చెప్పిన కట్టుబాట్లు విని కోడ్ నేనే రాశాను. కోడ్ చదవలేనివాళ్ల కోసం అందులోని ఒక్కో భాగానికి ఒక పెట్టె, దేనికి దేనితో సంబంధమో చూపే గీత గీయాలి. దాన్నే క్లాస్ డయాగ్రమ్ అంటారు. స్కేలు పెట్టి, చెరిపి, మళ్లీ గీసి, వారమంతా దానిమీదే కూర్చున్నాను.

ప్రాజెక్టులో నా జోడీ భానుప్రియ, సంగం ఊరి పిల్ల. నా కోడ్‌ను, దాన్ని చదివి బొమ్మ గీసే ఒక టూల్‌కి అప్పజెప్పింది. టీ చల్లారకముందే బొమ్మ వచ్చేసింది. సుకుమార్ సార్ "శభాష్" అన్నారు, ఆమెను. నా కాగితం అక్కడే ఉంది, చూడనైనా లేదు. నాకు అసూయ కలిగింది అని రాయబోయాను. ఆ మాట మరీ శుభ్రంగా ఉంది. కుళ్ళు పుట్టింది.

బొమ్మలో తప్పు పట్టాలని వెతికాను. దొరికింది! కొడుకు పెట్టె నుంచి వంతు పెట్టెకు గీత ఉంది, కూతురు పెట్టె నుంచి లేదు. నా కాగితంలో రెండూ ఉన్నాయి.

"చూడు, నీ టూల్ గీత మింగేసినాది!" అన్నాను.

"అది మింగలా రోజా. కోడ్‌లో ఉండేదే గీస్తాది. కోడ్ రాసినదెవురు, మా తాతా?"

తెరిచి చూశాను. కొడుక్కి పెళ్లయితే వంతు అని నేనే రాశాను. కూతురికి ఏమీ రాయలేదు. కట్టుబాటులో లేదు మరి. లేని గీతను నా చెయ్యి ఎందుకు గీసిందో అప్పుడు తెలిసింది.

ఫోనులో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను. అన్నా, నాకు అసలు కుళ్ళు నీ మీద. వచ్చే నెల నీ పెళ్లి. మరునాడే పెద్దలు నీకు వంతు ఇస్తారు. పడవెక్కితే నీకు వాంతులు! నాయనతో వల లాగింది నేను. గాలి మళ్లితే రొయ్య ఎటు జరుగుతుందో నాయన నాకే నేర్పాడు. నీ శుభలేఖ పట్టుకుని నేను ఏడిస్తే, అమ్మ సంతోషమనుకుంది.

"ఒక్క లైను రాయి, గీత అదే వస్తాది" అంటుంది భానుప్రియ. రాయగలను. పెద్దలు ఒప్పుకోకుండా రాస్తే కుప్పం గురించి అబద్ధం చెప్పినట్టే.

నీ వంతు నాకొద్దు. ఊరి పెద్ద ముత్యాలయ్య మామ నీకు వంతు తాంబూలం ఇచ్చేటప్పుడు, "మా చెల్లెలికీ ఒక వంతు కావాల" అని అందరి ముందూ అడుగు. నేనడిగితే నవ్వుతారు. పెళ్లికొడుకు అడిగితే నవ్వలేరు.

అడుగుతావో లేదో ముందే రాయి. అడగకపోయినా పెళ్లికి వస్తాను. నీ పక్కన నిలబడి నవ్వుతూ ఫొటో దిగమని మాత్రం అనొద్దు.

ఇట్లు,
నీ మీద కుళ్ళుకుంటున్న చెల్లెలు,
రోజారమణి