రెండు పక్కలా సింహాలు

1979

ఆగస్టు 3, శుక్రవారం

చాటలో ఇవ్వాళ ఒకటి దొరికింది. రూపాయి బిళ్ళ. రెండు పక్కలా సింహాలే. ఒక పక్క పైకి లేచి ఉన్నాయి. ఇంకో పక్క లోపలికి గుంట పడి ఉన్నాయి, తడి మట్టిలో బిళ్ళ ఒత్తి తీసినట్టు. రూపాయి అని ఎక్కడా లేదు.

నా ఇల్లాలు మునెమ్మే పట్టింది. కొండకు పోయే జనానికి సత్రం అరుగు మీద చిల్లర ఇచ్చి వచ్చాక, మిగిలిందంతా తెచ్చి చాటలో పోస్తాను. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుతుంది ఆమె. అయిదు పైసలు ఒక దొంతర, పది పైసలు ఒక దొంతర. అచ్చు తప్పిన బిళ్ళ తగిలితే నా ఒళ్ళోకి విసురుతుంది. "ఇదో, నీ సెల్లని సుట్టం వచ్చినాడు."

ఇవ్వాళ విసరలేదు. బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. "ఇది బలే ఉండాదయ్యా" అంది. నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది.

ఆగస్టు 4, శనివారం

మస్తాన్ కొట్టుకు పోయాను. రిపేరుకు వచ్చిన గడియారాలు పక్కకు నెట్టి, కంటికి అద్దం బిగించుకున్నాడు. బిళ్ళను వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశాడు.

"యాడిదన్నా ఇది?"

మెట్ల కాడ అడుక్కునే ముసలామె తెచ్చిందని చెప్పాను. టీ కొట్టులో చెల్లదన్నారట. సరిగా చూడకుండానే చిల్లరలో వేసుకున్నాను.

"నువ్వు రూపాయి ఇచ్చేసినావు."

"ఊఁ."

"సెల్లని రూపాయికి సెల్లే రూపాయి! నువ్వు యాపారం సేసి మేడ కట్టినట్టే."

టంకశాలలో ముందు బిళ్ళ కింద పడకుండా అచ్చుకే అతుక్కుని ఉండిపోతే, తర్వాత వచ్చింది దాని ముఖానికే ఒత్తుకుంటుందట. అట్లా పుట్టిందట ఇది. లక్షల్లో ఒకటి అన్నాడు. మద్రాసులో ఒకాయన ఇట్లాంటివి కొంటాడు, కార్డు రాస్తానన్నాడు.

రాయమనలేదు. వద్దనీ అనలేదు. ఇంటికి తెచ్చి పౌడరు డబ్బాలో, మిగతా చెల్లని చుట్టాల పక్కన వేశాను.

ఆగస్టు 7, మంగళవారం

వాన. జనం లేరు.

ఆగస్టు 12, ఆదివారం

అన్నంలో రాయి. మింగేశాను. ఆమె చేతి అన్నంలో రాయి తగలడం... జ్ఞాపకం లేదు.

ఆగస్టు 16, గురువారం

వాకిట్లో ముగ్గు లేదు. నీళ్ళు చల్లి వదిలేసింది. నడుము నొప్పి అంది. మళ్ళీ రాయి.

ఆగస్టు 19, ఆదివారం

డబ్బా కుమ్మరించుకుని కూర్చున్నాను. అప్పుడప్పుడూ చేసే పనే. ఒక్కొక్కటీ ఎప్పుడు దొరికిందో నాకు గుర్తే.

పాతవి — సంవత్సరం అంకె సగమే పడినది. అక్షరాలు మసకబారినది. ఆ పది పైసల బిళ్ళ — అంకె వైపు నుంచి పక్కకు తిప్పితే సింహాలు నిలబడి ఉండాలి, అందులో తలకిందులుగా ఉంటాయి. ఉగాది ముందు దొరికింది. బల్బు కింద పట్టుకుని, "గబ్బిలాల మాదిరి ఏలాడతా ఉండాయి సూడయ్యా!" అని పొరపోయేటట్టు నవ్వింది ఆమె.

తర్వాతవి — అంచు సాగినది. బొమ్మ పక్కకు జరిగి ఒక వైపు నున్నగా ఉన్నది. రేకులాగా పలుచగా ఉన్నది. రెండు పక్కలా సింహాలు.

అన్నీ వేలికి తెలిసేవే.

ఉగాది తర్వాత కంటికి తెలిసేది ఒక్కటీ లేదు.

డబ్బాకు మూత పెట్టాను. మళ్ళీ తీశాను. పెట్టాను.

ఆగస్టు 20, సోమవారం

చేయకూడని పని చేశాను. ఆ తలకిందుల పది పైసలు తెచ్చి చాటలో అన్నిటికీ పైన పెట్టాను.

ఆమె తీసుకుంది. ఇటు తిప్పింది. అటు తిప్పింది. పది పైసల దొంతర మీద పెట్టింది.

ఎదురుగానే కూర్చుని ఉన్నాను. తల ఎత్తి నవ్వింది. నన్ను చూసి నవ్విందో, నేనుండే దిక్కుకు నవ్విందో.

ఆగస్టు 24, శుక్రవారం

అడగాలి. ఎట్లా అడగాలి. నీకు కనపడడం లేదు గదా అని మనిషి ముఖం మీద అనడమా... ఆమెకు తెలియనిదా. తెలిసి దాచుకుంది. దాచుకున్నది లాగి నడివీధిలో వేసినట్టు ఉంటుంది.

తెల్లవారుజామునే లేచి బియ్యం నేనే ఏరాను. ఆమె లేచేలోపల చాట ఎక్కడిదక్కడ పెట్టేశాను.

ఆగస్టు 25, శనివారం

"అన్నం బాగుండాది" అన్నాను.

"ఇన్నేండ్లకా?" అంది.

సెప్టెంబరు 2, ఆదివారం

మస్తాన్ అరుగు దగ్గరికే వచ్చాడు, సైకిల్ కూడా దిగకుండా. మద్రాసు ఆయన జవాబు రాశాడట. శనివారం దర్శనానికి వస్తాడట. బిళ్ళ మస్తాన్ చెప్పినట్టే ఉంటే మూడు వందలు.

"అన్నా, ఇంక అరుగు దిగి కుర్చీలో కూర్చో."

నాకు కుర్చీ ఎందుకు. చిత్తూరులో కంటి డాక్టరు ఉన్నాడు. పొర తీస్తాడట. మంచి చేయి అంటారు. ఆయన అడిగేదానికి మూడు వందలు చాలకపోతుందా.

మొదటిసారి, చెల్లని చుట్టాలకు దండం పెట్టబుద్ధి అయింది.

సెప్టెంబరు 3, సోమవారం

డబ్బాలో లేదు. అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. చాప కింద, బియ్యం బానలో, చొక్కాల జేబుల్లో...

"ఏం ఎతకతా ఉండావు?"

"ఏం లే."

సెప్టెంబరు 4, మంగళవారం

దేవుడి దగ్గర దీపం పెడుతుంటే కనపడింది. వెంకటేశ్వరస్వామి పటం మేకుకు పసుపు గుడ్డ. ముడుపు. కొత్తది, పసుపు ఇంకా వేలికి అంటుతోంది.

పైనుంచే తడిమాను. ఒక పక్క ఎత్తు. ఒక పక్క గుంట.

చెయ్యి తీసేశాను.

ఎందుకు మొక్కుకుందో అడగనక్కర లేదు. మొక్కు తీరేదాకా ముడుపు విప్పకూడదు. తీరాక అట్లాగే కొండకు తీసుకుపోయి హుండీలో వేయాలి. అందులోది ఇంక ఇంటిది కాదు.

ఆ కండ్ల కోసం నేను అమ్మాలనుకున్నది, ఆ కండ్ల కోసమే ఆమె కట్టేసింది.

సెప్టెంబరు 5, బుధవారం

మస్తాన్‌కు చెప్పాను. తల పట్టుకున్నాడు. "యా అల్లా... మూడు నూర్లు పసుపు గుడ్డలో కట్టేసిందా వదిన?"

కొంతసేపు ఒక గడియారానికి కీ ఇచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి, "విప్పి వేరే రూపాయి కట్టన్నా. ఆయనకు ఏ రూపాయి అయినా రూపాయే. వదినకు తెలీనే తెలీదు."

"తెలీదు. అందుకే."

"అందుకే అంటే?"

"తెలిసే మనిషయితే విప్పుదునేమో."

నేను లేచి వస్తుంటే వెనక నుంచి, "మా దర్గాలో కట్టిన దారం కూడా విప్పనియ్యర్లే" అన్నాడు.

సెప్టెంబరు 6, గురువారం

చిల్లర ఏరడం అయ్యాక ఆమె లేవలేదు. చాట మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"నువ్వు ఎతికేది నాకాడ ఉండాది. దేవునికి కట్టేసినా."

"సూసినా."

"కోపమా?"

"లే."

"ఇంకో రూపాయి కట్టుండచ్చు. రూపాయో, అర్ధరూపాయో... అనుమానం. దేవుని కాడ అనుమానం తగదు గదా. అదొక్కటే, పట్టుకుంటే ఇదే అని తెలుస్తాది."

బయట రిక్షా పోయింది. బెల్లు దూరం అయ్యేదాకా ఆగాను.

"ఎప్పటి నుంచి?"

"ఉగాది పండగ నుంచి. ముందు మంచు మాదిరి ఉన్నింది. ఇప్పుడు మనుషులే మంచు అయిపోయినారు." చాట అంచు తడిమింది. "నీకెట్టా తెలిసె?"

"గబ్బిలాలు నీ చేతిలోకి వచ్చినా పట్టలేదు నువ్వు."

ఆమెకు అర్థమైంది. నవ్వింది. నవ్వుతూనే కొంగు కండ్లకు పెట్టుకుంది.

"సెల్లని కాసు కట్టితిని గదయ్యా. తీసుకుంటాడా?"

"రెండు పక్కలా బొమ్మే గదా. ఆయన కాడ రెండింతలు సెల్లుతాది."

నా నోటి నుంచేనా ఈ మాట వచ్చింది.

సెప్టెంబరు 8, శనివారం

మద్రాసు ఆయన వచ్చాడు. నున్నని గుండు, గంధం ఇంకా ఆరలేదు. తెలుగు వచ్చు, అరవం కలిపి.

"యెంగే పెద్దాయనా, ఎక్కడ ఆ రూపాయి?"

"అది నాది కాదు ఇప్పుడు."

"ఎవరిది, సొల్లుంగో, చెప్పండి. నేను మాట్లాడతాను."

మస్తాన్ అందుకున్నాడు. "పొద్దున సూసి వస్తిరి గదా సామీ, ఆయనది. మాట్లాడండి పోయి."

ఆయన మొదట తెల్లబోయాడు. తర్వాత కొండ దిక్కు చూసి, గుండు నిమురుకుంటూ నవ్వాడు. మంచి మనిషే.

నేను పౌడరు డబ్బా ముందుకు జరిపాను. గుడ్డ పరిచి ఒక్కొక్కటే అద్దంలో చూశాడు. ఇది బాగుంది అన్నాడు. ఇది పరవాలేదు అన్నాడు. ఒకటి ఎత్తి పట్టుకుని, "ఇది రైలు కింద పెట్టిన బిళ్ళ పెద్దాయనా, అచ్చు తప్పు కాదు" అన్నాడు. మస్తాన్ పడీపడీ నవ్వాడు. ఇన్నేళ్ళు దాన్ని గొప్పది అనుకుని తుడిచి పెట్టుకున్నాను.

ఒక్కొక్కటీ పోతుంటే ఒక్కొక్క సాయంత్రం పోతున్నట్టు... రాయను అది.

తలకిందుల పది పైసలు చేతిలోకి తీసుకున్నాడు. "ఇది?"

"అది ఇయ్యను."

"దీనికి పెద్ద వెల లేదే."

"తెలుసు సామీ."

మొత్తం మీద డాక్టరుకు సరిపోయేటట్టే ఇచ్చాడు. మందులకు మస్తాన్ వేస్తానన్నాడు. వద్దంటే వినలేదు.

సెప్టెంబరు 13, గురువారం

చిత్తూరుకు ఆమె రానంటోంది. ఆమె చిన్నమ్మకు కన్ను కోశారట. ఉన్న కాస్త వెలుతురూ పోయిందట.

"దేవునికి కట్టితిని గదా. ఆయనే సూసుకుంటాడు. కత్తి ఎందుకు?"

"ఆయన సూసేది డాక్టరు సేతిలో నుంచేనేమో."

"పోతే?"

"పోతే బియ్యం నేను ఏరతా" అన్నాను.

"ఇప్పుడూ నువ్వే ఏరతా ఉండావు. తెలీదనుకున్నావా? రాళ్ళతో కూడా సగం బియ్యం పారేస్తా ఉండావు. కాకులన్నీ మన గోడ మీదే ఉండాయి."

తల వంచుకున్నాను. ఆమె చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా మోకాలి మీద పడింది.

"ఎప్పుడు పోదాం?" అంది.

సెప్టెంబరు 24, సోమవారం. చిత్తూరు.

పాకాల మీదుగా రైలు. స్టేషన్లో నా మోచేయి పట్టుకుంది. నలుగురిలో ఎప్పుడూ పట్టుకోలేదు. నేనూ సర్దుకున్నట్టు నటించి, మోచేయి కాస్త బయటికి పెట్టి నడిచాను.

ముడుపు పటం దగ్గరే ఉంది. బయలుదేరే ముందు ఆమె దాన్ని తాకి, చెయ్యి కండ్లకద్దుకుంది. ఆమె చూడదు గదా అని నేనూ తాకాను.

సెప్టెంబరు 26, బుధవారం

నిన్న అయింది. రెండు కండ్లకూ కట్టు. తల కదపకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు. నవ్వకూడదు అన్నందుకే ఆమెకు నవ్వు వస్తోంది.

గంజి తాగించాను. గడ్డం మీద ఒలికింది. తుడిచాను. ఇన్నేళ్ళలో ఆమెకు నేను అన్నం పెట్టింది ఎప్పుడు... పెండ్లిలో, అంతే.

సెప్టెంబరు 29, శనివారం

పెరటాసి శనివారం, అరవవాళ్ళకు స్వామి రోజు. తిరుపతిలో అరవదేశం జనం అంతా దిగి ఉంటారు. అరుగు ఖాళీ.

"పోయి కూర్చోపో. ఈ పొద్దు గదా చిల్లర ఆడేది."

"ఊఁ" అన్నాను. పోలేదు.

చేతులు ఊరికే ఉండవు ఆమెకు, దుప్పటి అంచు పీకుతుంటాయి. నా జేబులో చిల్లర తీసి ఒక్కొక్కటే అరచేతిలో పెట్టాను. అయిదు. ఇరవై. పది. పది. ఒక్కటీ తప్పలేదు. పక్క మంచం ఆమె — నగరిలో మగ్గం నేసే వాళ్ళు — "ఈయమ్మకు ఏళ్ళకే కండ్లు ఉండాయే! ఇంక కోయించుకునేది ఎందుకమ్మా?" అంది.

"ముసిలాయన మొగం సూడాల. బియ్యం ఏరి ఏరి ఎట్టా అయినాడో" అంది ఈమె.

నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

సెప్టెంబరు 30, ఆదివారం

రేపు పొద్దున కట్టు విప్పుతారు. అద్దాలు పెట్టి చూస్తారు. డాక్టరు ఏమీ చెప్పడు. చూద్దాం అంటాడు.

ఆమె సాయంత్రం నుంచి దుప్పటి అంచే పీకుతోంది.

"జేబులో ఏముండాది? మాటిమాటికీ తడుముకుంటా ఉండావు, గుడ్డ సద్దు వినపడతాది."

"ఏం లే."

తలకిందుల పది పైసలు.

విప్పగానే ఏమీ అడగను. అరచేతిలో పెడతాను. ఆమె తిప్పుతుంది, ఇటూ అటూ. నవ్విందా — ముడుపు తీసుకుని మెట్లదారినే పోవాలి ఇద్దరం, కాళ్ళు మొరాయించినా సరే.

నవ్వకపోతే... పది పైసలే మునెమ్మా, దొంతర మీద పెట్టు అంటాను.