మెకానికల్‌లో మిగిలింది ఒక్కతే

ఆగస్టు 4
మిగతా అయిదుగురూ కంప్యూటర్స్‌కి మారిపోయారు. రెండో ఏడాది మెకానికల్‌లో మిగిలింది సువార్త ఒక్కతే. కారంపూడి పిల్ల. అంత పెద్ద గదిలో ముందు బెంచీ మీద తను, బోర్డు దగ్గర నేను. అయినా హాజరు పిలిచాను. ఎందుకు పిలిచానో దేవుడికే తెలియాలి. లేచి నిలబడి మరీ "ప్రెజెంట్ సార్" అంది.

ఆగస్టు 6
కాలేజీ కరస్పాండెంట్ గారు పిలిచారు. కూర్చోమనలేదు. ఒక్క పిల్ల ఉన్నా బ్రాంచి నడపక తప్పదట — అదీ ఆయన ఏడుపు. నెలాఖరులోగా ఆ అమ్మాయి చేత కూడా బ్రాంచి మార్పు కాగితం మీద సంతకం పెట్టించమన్నారు. మరి నా సంగతేమిటండీ అన్నాను. ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు.
ఈ వయసులో మెకానికల్ లెక్చరర్ ఎవడికి కావాలి? నరసరావుపేటలో కాదు, ఎక్కడా అక్కర్లేదు.

ఆగస్టు 7
శారదకు చెప్పాను. తిరగమోత పెడుతూనే వింది. "ఆ పిల్లని కదలనియ్యబాకండి. అది ఉన్నన్నాళ్లే మనకి కూడు" అంది. నిజమే. నిజం కాబట్టే ఒళ్లు మండింది. తినకుండా లేచాను.

ఆగస్టు 11
పౌడర్ మెటలర్జీ ల్యాబ్. కంచు పొడిని అచ్చులో పోసి ప్రెస్‌తో నొక్కితే ఇరుసుకు తొడిగే గొట్టంలాంటి బుష్ ఆకారం వస్తుంది. ఆకారమే. కొలిమిలో కాలిస్తేగాని రేణువులు ఒకదాన్నొకటి పట్టుకోవు. మా ఫర్నేస్ కాయిల్ తెగి ఎన్నేళ్లయిందో. ప్రతి బ్యాచీ నొక్కడం వరకు నొక్కి, కాల్చినట్టుగా సీనియర్ల రికార్డు చూసి అంకెలు ఎక్కిస్తుంది. నేను సంతకం పెడతాను. అందరికీ సుఖం.
ఈ పిల్ల ఆ పచ్చి బుష్‌ని అరచేతిలో పెట్టుకుని, "కాల్చకుండానే కాల్చామని ఎట్టా రాయను సార్?" అంది. అంటుండగానే అంచు రాలిపోయింది.
మొండిఘటం... ఎవరు అడగమన్నారు నిన్ను?

ఆగస్టు 18
సువార్త ఒక బుష్ పట్టుకుని పిడుగురాళ్ల పోయిందట. వాళ్ల మేనమామ సున్నపు బట్టీలో పనిచేస్తాడు. బట్టీలో పెట్టించింది. నల్లగా మాడిపోయింది, వేలితో నొక్కితే పొడి. మొహం వేలాడేసుకుని నా బల్ల మీద పోసింది. నవ్వొచ్చింది. చాలా రోజులకు నవ్వాను.
గాలి తగిలితే అంతేనమ్మా అన్నాను. మట్టి పిడతలో బొగ్గుపొడి కూరి, నడిమధ్య బుష్ పెట్టి, మూత చుట్టూ బంకమట్టి మెత్తమన్నాను. మంట ఎక్కువ ఉన్నచోట వద్దు, కరిగిపోతుంది, పక్కగా పెట్టించమన్నాను.
ఎందుకు చెప్పినట్టు? ఏదో, కాలక్షేపం.

ఆగస్టు 19
లేత్ మిషన్లు పాతసామాన్ల లారీ ఎక్కాయి. ఒక్కటి ఉంచారు — తనిఖీకి వస్తే చూపడానికి. ఫౌండేషన్ బోల్టులు మాత్రం నేలలోంచి మొలిచి ఉన్నాయి. తట్టుకుని పడబోయాను.

ఆగస్టు 25
ఈసారి బుష్ నిలిచింది!
బల్ల మీద వేస్తే టంగుమంది. కాచిన నూనెలో వేశాం. సన్నటి బుడగలు... ఒకటి, ఇంకొకటి, ఇక ఆగకుండా. లోపలి రంధ్రాల్లోంచి గాలి పోయి నూనె ఎక్కుతోంది. గిన్నె మీదికి వంగి ఇద్దరం చూశాం. ఏళ్ల తరబడి బోర్డు మీద గీస్తున్నాను, కళ్లతో చూడటం ఇదే మొదలు. ఏడుపొచ్చింది. జలుబు చేసినట్టు అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాను.
"మా నాన్న లేత్ షెడ్డులో ఇయ్యే చేసుకుంటాం సార్. ట్రాక్టరోళ్లు బుష్షు కోసం గుంటూరు పొయ్యే పనుండదు" అంది.
ఫ్యాక్టరీల్లో మిషన్లు వీటిని చింతపిక్కల్లా రాలుస్తున్నాయి. వాళ్ల ధరకి ఈ పిల్లకు బొగ్గు కూడా రాదు. ఆ ముక్క అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు.

ఆగస్టు 26
సువార్త మార్పు కాగితం ఆఫీసులోనే చింపి వచ్చిందట. కరస్పాండెంట్ గారు గుమాస్తాల ముందే నన్ను కడిగేశారు. ఇంట్లో శారద పాయసం చేసింది. ఒక్క చెంచా దిగలేదు.

ఆగస్టు 28
సువార్త వాళ్ల నాన్న వచ్చాడు. ఒక కన్ను లేదు. ఎప్పుడో లేత్ మీంచి ఇనప రజను ఎగిరొచ్చి పడి పోయిందట. రెండోది కూడా మసకేస్తోందని చెప్పాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.
"మీరేందో బట్టీలో కాల్పిచ్చారంట. అప్పటినుంచీ దానికి అదే పిచ్చి సారూ. షెడ్డులో పనేడుంది? మిషను మీద గుడ్డ కప్పి పెట్టా. ఆ గుడ్డ తీసి దాన్ని నిలబెట్టేదానికా చదివిచ్చింది? నా మాట ఇనదు. మీ మాటైతే ఇంటది."
నా రెండు చేతులూ పట్టుకున్నాడు. సరేనన్నాను. ఏం చేస్తాను, సరేనన్నాను.
శారదకు చెప్పలేదు.

ఆగస్టు 29, పొద్దున
ఇవాళ చెప్పేస్తాను.

సాయంత్రం
చెప్పలేదు. బస్సు దగ్గర తనే వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. "నాన్న రాత్రి అన్నం తినలా సార్. కాగితం మళ్లా తీసుకున్నా. రేపే ఆఖరంట. మీరు ఉండమంటే ఉంటా, పొమ్మంటే పోతా" అంది. రేపు చెప్తానమ్మా అన్నాను. నమ్మకంగా తలూపి బస్సెక్కింది.
పొమ్మనడమే న్యాయం. అది తెలియనంత వెధవనేం కాదు. పొమ్మంటే సోమవారం నుంచి నేనెక్కడికి పోవాలి?
శారద పక్కింటికి వెళ్లినప్పుడు తలుపు దగ్గరగా వేసి రెండు మాటలూ పైకి అనుకుని చూశాను. "పో తల్లీ" అన్నది గొంతులోనే ఆగిపోయింది. "ఉండమ్మా, నీలాంటి పిల్ల ఉండాలి" అన్నది ఎంత బాగా వచ్చిందో. తడబాటు లేదు. ఎంత ప్రేమగా ఉందో ఆ గొంతు... విని నాకే భయమేసింది.
రేపు పొద్దున తొమ్మిదింటికల్లా ఆ పిల్ల వచ్చేస్తుంది.