నలభయ్యో రోజు కాగితం మీది అడ్రసు

దోన్కా వదినా,

ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఓగ్న్యాన్ అన్నయ్య పోయిన నలభయ్యో రోజుకి స్తంభాలకీ తలుపులకీ ఆయన ఫొటో కాగితాలు అంటించాం కదా. జ్ఞాపకాలు రాయమని కింద వెబ్ పేజీ అడ్రసు వేయించింది నేనే. ఒక్కటి తప్ప ఏమీ రాలేదు. "ముప్పై ఏళ్లు ఊరందర్నీ బస్సులో మోశాడు, ఒక్కడికేనా గుర్తున్నది?" అన్నావు. ఆర్నెల్ల సంస్మరణకి కాగితాలూ వద్దు, ఉడికించిన గోధుమలూ పంచొద్దన్నావు.

నిన్న రొట్టెల కొట్టు స్తోయ్‌మెన్ నన్ను ఆపాడు. "ఏమయ్యా, మీ అన్న పేజీ తెరుచుకోదేం? నేనూ మా ఆవిడా ఫోన్లో ఆ అడ్రసు కొట్టి కొట్టి విసిగిపోయాం" అన్నాడు. అప్పుడు తెలిసింది. ఆ పేజీని నా విండోస్ కంప్యూటర్‌లోనే సర్వర్ పెట్టి నడిపాను, ఇంటర్నెట్‌లోకి ఎక్కించనేలేదు. నేను అచ్చేయించిన లోకల్‌హోస్ట్ అడ్రసు నా కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. జనం మర్చిపోలేదు వదినా, నేనే లోపలికి రానివ్వలేదు.

గోధుమలు నానబెట్టు. కొత్త కాగితాలు నేను అంటిస్తాను.

ఇంకొకటి. "వెనక పరిగెత్తుకొస్తుంటే బస్సు ఆపేవాడు" అని మా ఇంట్లో చదివి కళ్లు తుడుచుకున్నావే, పేరులేని ఆ ఒక్క జ్ఞాపకం, పేజీ పనిచేస్తుందో లేదో చూడ్డానికి నేను రాసింది. రాసింది మాత్రం నిజం. అలా పరిగెత్తింది నేనే.

నీ మరిది