అమ్మ పక్క సీటు

అన్నా,

ఈ రోజు పోర్ట్ లూయిస్ మైదానంలో ఇంగ్లీషువాళ్ళ జెండా దించి మన దీవి జెండా ఎగరేశారు. నువ్వు ఏడీసీగా నీడలా వెన్నంటి ఉన్న పెద్దాయనే ఇప్పుడు ప్రధాని. రోజ్ హిల్ సభలో ఆయన మీదికొచ్చిన రాయికి అడ్డం వెళ్ళి నువ్వు ప్రాణం పోగొట్టుకోకపోతే, ఇవాళ కూడా ఆయన వెనకే నిలబడేవాడివి.

ఉపన్యాసం మొదలుపెట్టబోతూ ఆయన అలవాటుగా వెనక్కి చెయ్యి చాచారు.

“అప్పన్నా, నా కళ్ళద్దాలు.”

నీ పేరు మైకులో అందరికీ వినపడింది. వెనకున్న కొత్త ఆఫీసరు బిక్కచచ్చిపోయాడు. పెద్దాయన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

నా పక్కన అమ్మ లేచి నిలబడింది. “లి పే విని... వస్తున్నాడు బాబూ” అంది, క్రియోలూ తెలుగూ కలిపి. ఆమెను కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు.

మన ఊరు షెమాన్ గ్రెనియేకి తిరిగొచ్చే బస్సు కిక్కిరిసిపోయింది. తన పక్క సీటులో అమ్మ ఎవరినీ కూర్చోనివ్వలేదన్నా. ఇంటిదాకా నేను నిలబడే వచ్చాను.

నీ చెల్లి