ఐదు చుట్ల ఇరుసు

చంద్రప్పన్నా,

నువ్వు అడిగిన ఇరుసును ఇవాళ బిగించాను. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు అమ్మేసిన జీపు ఇంకొకటి ఓనరు కొన్నాడు. మదనపల్లె షెడ్డులో దానికి ఇరుసు బిగించాక వెనక చక్రాలు జాకీ మీద లేపి, నువ్వు నేర్పినట్టే షాఫ్టుకి సుద్దగీత పెట్టి తిప్పాను. చక్రాలు ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు ఐదు తిరిగింది. నీ బండికి నాలుగే.

"ఇది పరిగెత్తుతాది గానీ, శెనక్కాయల ట్రైలరు ఈడ్చుకోని కనుమ ఎక్కలేదు సామీ" అని ఆ నాలుగు చుట్ల ఇరుసును చూసి నువ్వు అప్పుడే చెప్పావు. ఓనరు "నీకు తోలేది రాదులే" అన్నాడు. నేను నోరెత్తకుండా నాలుగు చుట్లదే బిగించాను. కనుమలో బండి ఆగి, వెనక్కి జారి, నిన్ను లోయలో పడేసింది.

ఇవాళ ఓనరు నా పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టాడు. "ఐదుండాదా? ఇంగోసారి తిప్పి సూడప్పా" అన్నాడు.

రేపు పుంగనూరు లోడుకి ఆయన కొడుకు తోలతాడు.