కాలర్ చిరిగిన అయిదో నంబరు జెర్సీ

సుల్తాన్ బజార్,
2025 ఆగస్టు 6, బుధవారం.

నాకంటె నాలుగు నెలలు చిన్నదైన మృదులకు, ఆ నాలుగు నెలల పెద్దరికంతోని వసుమతి దీవించి రాసేది:

ఇక్కడ మేమందరం మంచిగున్నం. మా అమ్మ యాదవ్వకు మోకాళ్లు తప్ప అన్నీ బాగనే ఉన్నయి. మీ ఇంట్ల కూడ అందరూ బాగున్నరని మీ అమ్మే చెప్పింది. ఆ ముచ్చట తర్వాత రాస్త. ముందుగాల నాకు ఇది చెప్పు. ఏందే ఆ పార్సిల్?

ఆరేండ్లాయె మాట్లాడక. నా నంబరు బ్లాక్ చేసి పెట్టినవ్, అందుకే గిప్పుడు కాయితం మీద రాసుడు. నీ ఆఫీసు లక్డీకాపూల్‌ల, నా బ్లౌజుల దుకాణం సుల్తాన్ బజార్‌ల. ఆటోల పావుగంట. గంత దగ్గరుండి కొరియర్‌ల పంపుడేంది? విప్పి చూస్తే నీ ఇండియా జెర్సీ. అయిదో నంబరు, కాలర్ భుజం దాకా చిరిగింది గట్లనే ఉన్నది. లోపల ఒక చీటీ. వసుమతి గారికి అని పైన, కాలర్ కుట్టి పంపగలరు అని కింద. గారా? పదో క్లాసుల నా టిఫిన్ డబ్బా నాకంటె ముందు ఖాళీ చేసిన దానివి, నీకు నేను గారు ఎప్పుడైన?

నాలుగు రోజుల సంది ఆ చీటీ చదువుడే నా పని. నీ ఆఫీసు పక్కనే టైలర్లున్నరు, అంటే కావాలనే నాకు పంపినవ్. మాఫ్ చేసినవా? చేస్తే గారు అని ఎందుకు రాస్తవ్? కోపం పోలేదా? పోకపోతే, ఎవ్వరినీ ముట్టనియ్యని జెర్సీ నా చేతిల ఎందుకు పెడ్తవ్? లేకుంటే, ఈ చిరుగు నీదే, నువ్వే కుట్టుకో అని దెప్పుతున్నవా? ఇది తోచినప్పుడు మాత్రం జెర్సీని మళ్ల పార్సిల్ల దూర్చి పక్కకు పెట్టిన. ఎందుకో ధైర్యముంటే చివర్ల రాస్త.

ఎల్లుండి వరలక్ష్మి వ్రతం. దుకాణంల బ్లౌజులు కుప్ప పడ్డయి. నేను ఎంత పరేషాన్‌ల ఉన్ననంటే, నిన్న ఒకామె బ్లౌజుకు రెండు చేతులూ ఎడమవే కుట్టిన. ఆమె తిట్టిన తిట్లు ఆబిడ్స్ చౌరస్తా దాకా ఇనబడ్డయి కావచ్చు.

జెర్సీ ఒళ్లో పెట్టుకుంటే అన్నీ యాదికొస్తున్నయి. నాంపల్లి బడిల శ్రీపతి సార్ ఆ కోలగుండే రగ్బీ బంతి తెచ్చి మన చేతుల పెట్టిండు చూడు, మా అమ్మ దాన్ని చూసి, పాపం ఎవరో తొక్కిన్రని జాలి పడ్డది. నువ్వు పొడుగు, నేను పొట్టిగ గట్టిగ. ఉరికేటోళ్లను వెనక పెట్టి, నూకేటోళ్లమని మనల్ని ముందర పెట్టిండు సార్. ఎనిమిది మందిమి తలకాయలు దూర్చి అవతలి ఎనిమిది మందిని నూకుడు, అదే మన బతుకైంది. పాయింట్లు ఉరికేటోళ్లకు, పేపర్ల ఫొటోలూ వాళ్లకే, మనకు వాచిన చెవులు. నీ కుడి చెవి గడ్డకట్టి కమ్మ పట్టకపోతే మీ అమ్మ, శశికళ చిన్నమ్మ, బంగారం దుకాణంలనే ఏడ్చింది. ఇండియాకు ఆడిన తొలిరోజు మనకిచ్చిన కుచ్చు టోపీ ఉన్నది కదా, మా అమ్మ ఇప్పటికీ దాన్ని దేవుని పటాల కాడ పెట్టి పసుపు కుంకుమ పెడ్తది.

లైనౌట్‌ల మనలాంటి జోడి లేదనేటోళ్లు. బంతి మైదానం బయటికి పోతే గీత అవతలకెళ్లి నేను లోపలికి ఇసురుడు, ఇద్దరు పిల్లలు నిన్ను పట్టి పైకి లేపుడు, నువ్వు అందుకునుడు. బంతి నీకే అనేటందుకు సుల్తాన్ బజార్ అని ఒర్రేటోళ్లం, అవతలోళ్లకు ఏం తెలుస్తది!

కొలంబో మ్యాచ్ గురించి రాయొద్దనే అనుకున్న, రాయక తప్పుతలేదు. ఆఖరి నిమిషం. మూడు పాయింట్లు వెనకున్నం, వాళ్ల గోల్ గీత అయిదు మీటర్లల్ల ఉన్నది, బంతితోని దాటితే గెలుపే. నువ్వు సుల్తాన్ బజార్ అని ఒర్రినవ్. లేపేటోళ్ల చేతులు నీ మీద పడకముందే నేను బంతి ఇసిరేసిన. అవతలామె పట్టుకున్నది, మ్యాచ్ పోయింది. వానకు బంతి తడిసింది, చెయ్యి జారిందని అందరికీ చెప్పిన. నన్ను టీంలకెళ్లి తీసేసిన్రు. నిన్ను కెప్టెన్ చేస్తరని కుళ్లుకొని చేసిననని బస్సుల అందరి ముందర అన్నవ్. ఆ తర్వాత రెండేండ్లకు నువ్వు కూడ నౌకరి, బిడ్డ అని ఆట ఆపినవ్.

ఇగ మీ అమ్మ ముచ్చట. మొన్న సోమవారం శశికళ చిన్నమ్మ బ్లౌజు కొలతలియ్యనీకి వచ్చింది. ముప్పై నాలుగేండ్ల వయసుల మృదులను మళ్ల ఇండియా క్యాంపుకు పిలిచిన్రు, ఇరవై తారీఖు పోతది అని ఒకటే సంబురం. అదే నోటితోని, తలనొప్పి లేస్తే నువ్వు గోడ పట్టుకొని నిలబడ్తున్నవని, క్యాంపు డాక్టరుకు తెల్వొద్దని ఆమెతోని ఒట్టు పెట్టిచ్చుకున్నవని చెప్పి కండ్లు తుడుచుకున్నది. ఆమె మీద గుస్సా కాకు. ఎవరికన్న చెప్పుకోకపోతే ఆమెకు నిద్ర పడ్తలేదు.

కాలర్ కుట్టుడు పావుగంట పని. సూదిల దారం ఎక్కిచ్చుకొని పొద్దటి సంది కూసున్న. కుడితే నువ్వు ఆ జెర్సీ ఏసుకొని క్యాంపుకు పోతవ్. కుట్టకపోతే నా మొఖం ఇంకెన్నడు చూడవ్. నాకైతే ఏం సమజ్ అయితలేదు మృదులా. నీకేమన్న సమజ్ అయితే జర చెప్పు.

ఇట్లు,
నీకెన్నడూ గారు కాని
వసు

తా.క.: ఈ చిట్టీ కవర్ల పెట్టి మళ్ల బయటికి తీసిన. కొలంబోల ఆ దినం నా చెయ్యి జారలే. ఆ కాలర్ చింపింది కూడ అవతలోళ్లు కాదు, నేనే. ఆ లైనౌట్‌కు కొంచెం ముందు ఒకామె మోకాలు నీ తలకు తాకింది. లేచినవ్, నవ్వినవ్, పోయి అవతలి టీం వరుసల నిలబడ్డవ్. వాన, బురద, ఇంకెవ్వరు చూడలే. కాలర్ పట్టి గుంజుకొచ్చిన, చిరిగింది. బడి విడిచిన్రా అని నన్ను అడిగినవ్. రిఫరీని పిలుస్తనంటే నా చెయ్యి పట్టుకొని ఏడ్చినవ్, పిలవలే. పిలవాల్సింది, అది నా తప్పు. గట్లున్న దానివి గంత పైకి లేస్తే ఎట్ల పడ్తవో అని, నిన్ను లేపకముందే బంతి ఇసిరేసిన. నీకు ఇదేదీ యాదిలేదని బస్సుల నువ్వు నన్ను తిట్టినప్పుడు తెలిసింది. చెప్తే నీ ఆట ఆపిస్తరని మూసుకున్న. పార్సిల్ చూసి, నీకు యాదికొచ్చిందేమో అని భయపడ్డ. యాదికొస్తే తలనొప్పి దాచి క్యాంపుకు పోవు; రాలేదని ఇప్పుడు ఇంకా ఎక్కువ భయమైతున్నది.

క్యాంపు డాక్టరుకు కూడ ఇదే రాసి పెట్టిన, ఇంకా పంపలే. ఆదివారం దాకా చూస్త. జెర్సీ కుట్టలే, కుట్టను, పంపను. శనివారం నాతోని దవాఖానకు రా, ముందు తలకాయ చూపిచ్చుకుందాం. తిడ్తవో, కొడ్తవో, మొఖం మీద గారు అనే పిలుస్తవో నీ ఇష్టం. వస్తే సాలు.