వేలి క్లిప్పుకు తెలియని సంగతి

మార్చి 3, మంగళవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి, పనిలో పనిగా ఒక మొట్టికాయ కూడా వేసి రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. మీ బావగారికి నడుం నొప్పి తగ్గింది, గొణుగుడు మాత్రం తగ్గలేదు.

నీ ఉత్తరం అందింది. పద్నాలుగో తేదీన మీ ఫైర్ స్టేషన్‌లో పరీక్ష అనీ, భుజాన నీళ్ల గొట్టం వేసుకుని ఎనిమిది అంతస్తులు టైములోపల ఎక్కకపోతే నిన్ను బండి దించి టెలిఫోన్ దగ్గర కూర్చోబెడతారనీ రాశావు. ఐదో అంతస్తుకే ఆయాసం వస్తోందన్నావు. మళ్లీ ఆ కిందే, అది సిగరెట్ల వల్ల కాదనీ, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెడితే తొంభై ఎనిమిది చూపించిందనీ కోతలు! ఊపిరితిత్తుల వార్డులో పదహారేళ్లుగా పరీక్షలు చేస్తున్నదాన్ని, నాకా చెప్తావురా?

విను. రక్తాన్ని బస్సు అనుకో. ఆక్సిజన్ సీట్లో కూర్చుని ఒళ్లంతా తిరిగి, కావలసిన చోట దిగుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆ సీట్లలో తిష్ట వేస్తుంది, ఒక పట్టాన దిగదు. పక్కనున్న ఆక్సిజన్‌ని కూడా సరిగ్గా దిగనివ్వదు. ఆ వెర్రి క్లిప్పుకు సీటు నిండిందని తెలుసు గానీ, కూర్చున్నది ఎవరో తెలీదు. అందుకే తొంభై ఎనిమిది. నీ కాళ్లకు అందేది మాత్రం తక్కువే.

మా దగ్గర ఒకావిడ ఉంది, నాలాగే టెక్నీషియన్. జనరేటర్ గది వెనక రోజుకు ఆరేడు కాల్చి వచ్చి, వేలికి క్లిప్పు పెట్టుకుని, నాకేం, గుర్రంలా ఉన్నాను అనుకునేది. క్లిప్పును నమ్మొద్దని రోగులకు పాఠం చెప్పే మనిషే! పోయిన నెల ఊపిరిలో ఆ గ్యాసు కొలిచే కొత్త మిషన్ వచ్చింది. పని చేస్తోందో లేదో చూద్దామని ఊదింది. పదహారు! అలవాటు లేనివాళ్లకు ఐదు దాటదు. మిషన్ పాడైందని కంపెనీకి ఫోన్ చేయబోయింది మహాతల్లి.

ఇది చదివిన వెంటనే మానెయ్. రెండ్రోజుల్లో ఆ గ్యాసు దిగిపోతుంది. ఊపిరితిత్తులు తేరుకోవడానికి నెలలు పడుతుంది గానీ, ముందు రక్తం నీ మాట వింటుంది. ఎక్కేస్తావు, నాకు అనుమానమే లేదు. చిన్నప్పుడు నాన్న కోటు జేబులో దొరికిన సిగరెట్ పెట్టెతో మొదలైందనీ, ఇది మన వంశంలోనే ఉందనీ ప్రతిసారీ రాస్తావే, ఈసారి ఆ సాకు మాత్రం రాయకు.

నీ మేలు కోరే, అవసరమైతే తాట తీసే
అక్క

తా.క.: ఆ టెక్నీషియన్ నేనే. నాన్న కోటులో పెట్టె కూడా నాదే, అమ్మకు కనపడకుండా అక్కడ దాచాను. ఆయన జన్మలో సిగరెట్ ముట్టలేదు. నన్ను కాపాడటానికి తనదేనని చెప్పి, అమ్మ తిట్లూ, పోయేదాకా నీ నిష్ఠూరాలూ పడ్డారు. నేను నోరు విప్పలేదు, సిగ్గుగా ఉంది. నేను మానేసి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. పొద్దున ఊదితే రెండు వచ్చింది. ఎనిమిదో అంతస్తు ఎక్కాక నన్ను ఎంత తిట్టాలో అంతా తిట్టు, నాన్నను మాత్రం ఇక వదిలెయ్.